తోక నుంచి కోసిన వార్త

మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఇరవై ఆరు రోజులు పనిచేయలేదు. "లిఫ్టు విశ్రాంతిలో ఉన్నది. దయచేసి సహకరించగలరు" అని తలుపు మీద కాగితం అంటించారు. విశ్రాంతి తీసుకుంటున్న వస్తువుకి మనిషి ఎలా సహకరించాలో నాకు అర్థం కాలేదు. జోల పాడాలేమో.

ఆ కాగితం అంటించింది మా సంఘం కార్యదర్శి. ఆయన్ని అందరం నోటీసు గారు అంటాం. పూలకుండీల మీద కూడా "చూడవచ్చును. అంతే." అని అంటించిన మనిషి.

మాది నాలుగో అంతస్తు. మూడో అంతస్తాయన రోజూ మెట్ల మలుపులో నన్ను ఆపి, "ఇది మానవ హక్కుల ఉల్లంఘనండీ" అని ఆయాసపడేవాడు. అవునండీ అని నేనూ ఆయాసపడేవాణ్ణి. ఇద్దరం కాసేపు ప్రభుత్వాన్ని తిట్టేవాళ్లం. లిఫ్టుకీ ప్రభుత్వానికీ ఏ సంబంధమూ లేదు గానీ, ఊపిరి అందేదాకా ఏదో ఒకటి తిడుతూ ఉండాలి కదా.

ఈ ఇరవై ఆరు రోజుల్లో ఒక్కసారీ మెట్ల మీద ఆయాసపడని మనిషి మా ఇంట్లో ఒకరున్నారు. మా అక్క. ఆవిడ అసలు కిందికే దిగలేదు. ఆరేళ్లప్పుడు ఆవిడకి జ్వరమొచ్చింది. జ్వరం పోతూ పోతూ కాళ్లలో సత్తువ కూడా పట్టుకుపోయింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీ.

మూడో రోజున నోటీసు గారు పరామర్శకి వచ్చారు. "మీరేం దిగులు పడకండమ్మా. నలుగురు మగాళ్లం ఉన్నాం, కుర్చీతో సహా కిందికి మోసేస్తాం" అన్నారు.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుంది కదండీ. ఇప్పట్నుంచే తొందరెందుకు?" అంది అక్క.

నోటీసు గారు చెప్పులు మా గుమ్మంలోనే మరిచిపోయి వెళ్లారు.

అక్క పని ఫోను. హాల్లో కిటికీ పక్కన కూర్చుని సమాచారం లైను నడుపుతుంది. ఏ కాగితం ఎక్కడిస్తారు, ఏ ఆఫీసులో తలుపు ఎంత వెడల్పు, ఎక్కడ ఎవరు మర్యాదగా మాట్లాడతారు, అన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో ఉంటాయి. పొద్దున్న పదింటికి మొదలు.

"సమాచారం లైను, చెప్పండీ... ఆ, ధ్రువపత్రానికి రెండు ఫొటోలు చాలని బోర్డు మీద ఉంటుందండీ. మూడు తీసుకెళ్లండి. మూడోది పారేస్తారు, అయినా తీసుకెళ్లండి... మీ పాపకి వినపడదన్నారు కదా? అక్కడ పేర్లు మైకులో పిలుస్తారు. పక్కనే ఉండండి."

ఫోన్లో ఎవరినైనా "అండీ" అంటుంది. ఇంట్లో నన్ను మాత్రం "ఏరా" అంటుంది. నాకు నలభై ఆరేళ్లు, నడినెత్తిన ఖాళీ, దినపత్రిక డెస్కులో పందొమ్మిదేళ్ల అనుభవం. అయినా ఏరానే.

ఇంట్లో ఒక మాట నిషిద్ధం. "పాపం." ఎవరైనా వచ్చి కుర్చీని చూసి "అయ్యో పాపం" అంటే, అక్క ఎంతో ఆసక్తిగా "ఎవరు చేశారండీ?" అని అడుగుతుంది. వచ్చినవాళ్లకి తాము చేయలేదని చెప్పుకోవడానికి ఒక పావుగంట పడుతుంది.

ఇక అసలు గొడవ. నడవలేనివాళ్లకి నడవలేరని ధ్రువపత్రమిచ్చే ఆఫీసు ఒకటుంది. దానికి పదకొండు మెట్లు. ఎక్కలేకపోతే కాగితం రాదు. ఎక్కి వెళ్తే, ఎక్కారుగా మరి, అని అధికారికి అనుమానం. అక్కడ ఒక వాలుదారి కట్టమని అక్క నాలుగేళ్లుగా అర్జీలు పెడుతోంది. "మాలాంటివాళ్లని పిలిచే పేరు మార్చినప్పుడల్లా బోర్డు మారుస్తున్నార్రా. మెట్లు మాత్రం మార్చట్లేదు" అనేది.

ఎనిమిది నెలల క్రితం అక్క స్వయంగా వెళ్లి ఆ మెట్ల కింద కూర్చుంది. అధికారి కిందికి దిగొచ్చి అర్జీ తీసుకుంటే గానీ కదలనంది. రెండు గంటలైంది. ఇంతలో లోపల్నుంచి ఒక అటెండరు వచ్చి, మాటైనా అడక్కుండా ఆవిణ్ణి రెండు చేతుల మీద ఎత్తుకుని పైకి తీసుకుపోయాడు. ఎవరో ఫొటో తీశారు.

ఆ ఫొటో మధ్యాహ్నానికి నా డెస్కు మీదికొచ్చింది.

ఫొటోలో ఉన్నది మా అక్కేనని నేను గుర్తుపట్టలేదని చెప్పాలని ఉంది. గుర్తుపట్టాను. విలేకరి పది లైన్లు రాశాడు. చివరి నాలుగు లైన్లలో పదకొండు మెట్లూ, వాలుదారి లేకపోవడం, నాలుగేళ్ల అర్జీలూ ఉన్నాయి. ఇంతలో పేజీలోకి ఒక పరుపు ప్రకటన వచ్చింది. స్థలం చాల్లేదు. మా వృత్తిలో వార్తని తోక నుంచి కోస్తారు. ముఖ్యమైనదంతా పైనే ఉంటుందని మా నమ్మకం. నేనూ కింది నుంచి నాలుగు లైన్లు కోశాను. పదిమందీ చూస్తారని అక్క పేరు కూడా తీసేసి "ఓ నిస్సహాయ మహిళ" అని పెట్టాను. పొద్దున లేస్తే నాలుగు దిక్కుల నుంచీ నన్ను తిట్టే మనిషిని నిస్సహాయ అన్నాను. పైన హెడ్డింగు పెట్టాను: "మానవత్వం మోసుకెళ్లిన వేళ".

డెస్కు ఇన్‌ఛార్జి చదివి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది. దాచడమెందుకు.

మర్నాడు అక్క పేపరు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏరా, పైన మానవత్వం ఉంది. కింద పరుపుంది. మధ్యలో మెట్లేవిరా?"

"స్థలం చాల్లేదేమో అక్కా."

"ఎవడ్రా ఈ హెడ్డింగు పెట్టింది?"

ఆ క్షణాన నా నోట్లోంచి ఒక మనిషి పుట్టాడు. "ఎవరో కొత్తవాడక్కా. ఈమధ్యే చేరాడు" అన్నాను.

అక్క పేపరు మడిచింది. "పాపం" అంది. ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. "తెలీక పెట్టుంటాడు. చెప్పేవాళ్లెవరూ లేరేమో."

అప్పట్నుంచి ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది. మాలాంటివాళ్ల గురించి పత్రికల్లో ఎలా రాయాలి అని ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకం రాసింది. అంతా ఆ కొత్తవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తున్నట్టే ఉంటుంది.

"తమ్ముడూ, 'అయినా' అనే మాటతో జాగ్రత్త. కళ్లు కనపడవు, అయినా పాడతాడు అని రాస్తావు. పాడేది నోటితో కదా."

"తమ్ముడూ, కుర్చీలో మనిషి ఫొటో వేస్తే, ఆ కుర్చీ ఎక్కడ ఆగిపోయిందో అదీ వెయ్యి."

"తమ్ముడూ, మోసినవాడి మంచితనం రాశావు, బాగుంది. మోయించుకున్న మనిషిని ఒక్క మాట అడిగి ఉండాల్సింది."

మొదటి పేజీలో "డెస్కులో కొత్తగా చేరిన తమ్ముడికి, ప్రేమతో" అని అంకితం. ఆ పుస్తకానికి ప్రూఫులు దిద్దింది నేను. అచ్చుతప్పులు తొమ్మిదే దొరికాయి. వాటిని చాలా నిజాయితీగా దిద్దాను.

లిఫ్టు పాడైన పదహారో రోజున అక్క అర్జీ మీద విచారణ. దిగే దారి లేదు కాబట్టి ఫోన్లోనే జరిగింది. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. పక్కన నేను.

అధికారి గొంతు బాగుంది. రేడియోలో చదవాల్సిన గొంతు. "అమ్మా, వాలుదారి అవసరం ఉన్నట్టు మాకు కనబడటం లేదు. మా సిబ్బంది స్వయంగా మోసుకెళ్తున్నారు. పత్రికలోనే వచ్చింది. కాపీ ఫైల్లో ఉంది, చదువుతాను వినండి. 'మానవత్వం మోసుకెళ్లిన వేళ'..." అని మొదలుపెట్టి ఆరు లైన్లూ చదివాడు. ఆరో లైను దగ్గర ఆగాడు. అక్కడితో అయిపోయింది కదా. నేనే కదా కోసింది.

"అందులో మెట్లున్నాయనీ, వాలుదారి లేదనీ ఎక్కడా ఫిర్యాదు లేదమ్మా" అన్నాడు. అర్జీ కొట్టేశారు. అప్పీలుకి పది రోజుల గడువు.

అక్క ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. "ఏరా, ఆ కొత్తవాడి నంబరివ్వు. తిట్టన్లే. మెట్ల సంగతి విలేకరికి నేనే చెప్పాను. అది వార్తలో ఉండేది, స్థలం చాలక తీసేశాం అని ఒక్క కాగితం రాసిస్తే చాలు. అప్పీలు నిలబడుతుంది. రాసిన విలేకరి ఎటో వెళ్లిపోయాడన్నావు. ఇక వీడొక్కడే దిక్కు."

"కనుక్కుంటానక్కా" అన్నాను.

గడువులో రెండో రోజు కొత్తవాడు సెలవులో ఉన్నాడు. నాలుగో రోజు వాడి ఫోను పాడైంది. ఆరో రోజు వాళ్లింట్లో పెళ్లి. ఎనిమిదో రోజున ఇంకేం తోచక వాడిచేత ఉద్యోగం మానిపించేశాను.

"మానేశాడా?" అంది అక్క. "నా పుస్తకం చదవకుండానే?" ఆవిడ ముఖం చూసి నాకే వాడి మీద కోపమొచ్చింది.

పదో రోజున లిఫ్టు బాగైంది. నేను ఆఫీసు నుంచి వస్తుంటే నోటీసు గారు "లిఫ్టు సేవలో ఉన్నది" అని కొత్త కాగితం అంటిస్తున్నారు. ఇరవై ఆరు రోజుల తర్వాత నాలుగో నంబరు నొక్కి, అద్దంలో లేని జుట్టు సర్దుకుంటూ దర్జాగా పైకి వెళ్లాను.

హాల్లో కిటికీ పక్కన ఎవరూ లేరు. ఫోను లేదు, నోటుబుక్కు లేదు.

"వదిన వెళ్లిపోయింది" అంది మా ఆవిడ. "పదకొండింటికి లిఫ్టు రాగానే వెళ్లింది. టైలరింగు చేసే స్నేహితురాలొకావిడ ఉంది కదా, వాళ్లింటికట. గ్రౌండు ఫ్లోరు. ఇక అక్కడే ఉంటానంది."

"ఏమైంది?"

"పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆ తర్వాత, నీకు ముందే తెలుసా అని నన్నడిగింది."

"నువ్వేమన్నావు?"

"తెలుసు వదినా అన్నాను. ఈ ఇంట్లో ఒకళ్లయినా ఆవిడకి సమాచారం ఇవ్వాలి కదా."

బల్ల మీద పుస్తకం ప్రూఫులు ఉన్నాయి. ఎర్ర కలంతో దిద్ది ఉన్నాయి. దిద్దే గుర్తులు ఆవిడకి నేనే నేర్పాను. "తమ్ముడూ" ఉన్న ప్రతిచోటా గీత కొట్టి, పక్కన మార్జిన్లో "అండీ" అని రాసింది. నలభై ఒక్క చోట్ల. ఒక్కటీ వదల్లేదు. మంచి ప్రూఫ్‌రీడరు. అంకితంలో గీత మాత్రమే ఉంది, పక్కన ఏమీ రాయలేదు.

మర్నాడు ఇన్‌ఛార్జి సంతోషంగా చెప్పాడు. "మీ అక్కగారు ఫోన్ చేశారోయ్. కొత్తవాడెవరని అడిగారు. తొమ్మిదేళ్లుగా మన డెస్కులో కొత్తవాడే లేడమ్మా అన్నాను. ఆ హెడ్డింగు మీ తమ్ముడిదే, ఆ నెల మెచ్చుకోలు కూడా దానికే వచ్చిందని చెప్పాను. పాపం, ఆనందంతో మాట పెగిలినట్టు లేదు."

వేరేవాళ్ల నంబర్లూ, చిరునామాలూ కనుక్కోవడమే పనిగా బతికే మనిషి దగ్గర ఎనిమిది నెలలు నేనొక మనిషిని దాచాననుకున్నాను. ఆవిడ ముందే ఎందుకు ఫోన్ చేయలేదో ఇప్పుడు తెలుస్తోంది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. అంతకంటే కారణం లేదు.

ఆ రోజే కాగితం రాశాను. హెడ్డింగు పెట్టింది నేను, నాలుగు లైన్లు కోసింది నేను, కోసిన లైన్లు ఇవీ, అని సంతకంతో సహా. అప్పీలు గడువు అయిపోయింది ముందురోజు సాయంత్రం ఐదింటికి.

ఏం చెయ్యాలో తెలీక, ఎవరిని అడగాలో తెలీక, అలాంటప్పుడు అందరూ చేసే నంబరుకే చేశాను.

"సమాచారం లైను, చెప్పండీ."

"అక్కా, నేను."

వెనకాల కుట్టుమిషను చప్పుడు వినిపించింది. "చెప్పండీ" అంది.

"అప్పీలు గడువు దాటిపోయింది. కాగితం రాశాను. ఇప్పుడేం చెయ్యాలి?"

"గడువు దాటినా ఆలస్యానికి కారణం చూపిస్తూ దరఖాస్తు పెట్టుకోవచ్చండీ. ఫారం ఆఫీసులోనే ఇస్తారు. పదకొండు మెట్లెక్కాలి. మీరు ఎక్కగలరు కదా? కుడివైపు రెండో కిటికీ. ఫొటోలు మూడు తీసుకెళ్లండి. కారణం నిజమైనది రాయండి, సరిచూస్తారు." గొంతులో కోపం లేదు. ఎవరికైనా అంత ఓపిగ్గానే చెప్తుంది. "ఇంకేమైనా సమాచారం కావాలాండీ?"

"ధన్యవాదాలండీ" అన్నాను. నా నోటికి అదే వచ్చింది.

పదకొండు మెట్లూ ఎక్కి ఫారం తెచ్చాను. మోకాళ్లు నొప్పెట్టలేదు. ఇప్పుడది నా ముందుంది. అన్ని గడులూ నింపాను. "ఆలస్యానికి కారణం" అన్నచోట మూడే లైన్లు ఇచ్చారు. పందొమ్మిదేళ్లుగా ఇతరుల బతుకుల్ని మూడు లైన్లలోకి కుదించి జీతం తీసుకుంటున్నవాణ్ణి, వారం నుంచీ మొదటి లైను దాటలేకపోతున్నాను. ఎలా రాసినా హెడ్డింగులాగే వస్తోంది.

చదివేవాళ్లలో అక్కలున్నవాళ్లు ఉంటారు, తమ్ముళ్లున్నవాళ్లు ఉంటారు. ఆ మూడు లైన్లలో మీరైతే ఏం రాస్తారో చెప్పండి. అది సరిగ్గా రాస్తే అక్కడ వాలుదారి వస్తుందో రాదో నాకు తెలీదు, రావాలి. రెండోది కూడా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆ లైనుకి ఫోన్ చేసి ఏ సమాచారం అడిగితే ఆవిడ మళ్లీ నన్ను "ఏరా" అంటుంది? ఆ నోటుబుక్కులో ఎక్కడో రాసే ఉంటుంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పొద్దున్న పదింటికి లైను తెరుస్తారు.