ఓవల్టీన్ డబ్బాలో ప్లాటినం

పూజలో కూర్చున్నా సరే, ఒక అనుమానం పన్నెండేళ్లు నన్ను వదల్లేదు. నా అంబాసిడర్‌లోంచి తీసిన ప్లాటినం ఎటు పోతోంది?

బండి మొరాయించినప్పుడల్లా పటమటలో ఏసుపాదం షెడ్డుకు తోయించుకుని వెళ్లేవాణ్ని. ఇంజను చూసి, "ప్లాటినం పోయిందండీ" అనేవాడు. ఇంజనుకు నిప్పురవ్వ అందించే గోరంత పాయింట్ల జత ఊడదీసి తుక్కులో పడేసి, ఆరు రూపాయలకు కొత్తది వేసేవాడు. ప్లాటినం బంగారం కన్నా ఖరీదని మావాడి సైన్సు పుస్తకంలో చదివాను. ఒకరోజు షెడ్డు నిండా డ్రైవర్లుండగా అనేశాను.

"నా ప్లాటినం అమ్ముకుని మేడ కడుతున్నావా ఏసుపాదం?"

డ్రైవర్లు నవ్వారు. తాటాకు షెడ్డు కింద నిలబడి ఏసుపాదం నవ్వలేదు. పెట్టెలోంచి కాగితం పొట్లం తీశాడు.

"మా నాన్న దొరల కాలం నాటి కారులోంచి తీసిందండీ. అసలు ప్లాటినం ఇదే. ఉంచుకోండి."

నోరు మూయించడానికి లంచమిస్తున్నాడనుకున్నాను. అయినా పొట్లం జేబులో వేసుకుని, మెకానిక్కును మార్చాను. ఆనాటి నుంచి డ్రైవర్లకు అతను 'ప్లాటినం దొంగ' అయ్యాడు. టాక్సీలవాళ్లు కొందరు అటు వెళ్లడం మానేశారు.

నేను మాత్రం కొత్త మెకానిక్కు తీసిన అరిగిన పాయింట్లన్నీ అడిగి తెచ్చుకుని, పొట్లంతో సహా ఓవల్టీన్ డబ్బాలో దాచాను. ఆంజనేయస్వామికి ప్లాటినం బొట్టు మొక్కుకున్నాను. మా ఆవిడ మాణిక్యమ్మ శుక్రవారాలు డబ్బాకీ కుంకుమ పెట్టేది.

డెబ్భై ఎనిమిదిలో డబ్బా నిండింది. వన్ టౌన్‌లో కంసాలి కొట్ల ఊడ్పులు కొని కరిగించే రామకోటేశ్వరరావుగారి ముందు బోర్లించాను. ఆయన గీటురాయి మీద రుద్దాడు. గీత పడలేదు.

"ఇది టంగ్‌స్టనండీ. బల్బులో తీగ ఉంటుందే, అది. ప్లాటినం మీ తాతగారి రోజుల్లో వేసేవారు. లోహం పోయి పేరు మిగిలింది. డబ్బాకైతే అర్ధరూపాయి ఇస్తాను."

"మరి అసలుది ఎక్కడుంటుందండీ?"

"మీ చేలో చల్లే ఎరువు ఉంది చూశారూ, దానికి కావలసిన ఆమ్లం ప్లాటినం వల మీద తయారవుతుంది. వల అరిగితే గొట్టాల్లో ధూళి కూడా గోకి మళ్లీ కరిగిస్తారు. కుంకుమ పెట్టి కూర్చోరు."

చివరికి పొట్లం విప్పాడు. తెల్లటి గీత పడింది. ఆమ్లం పోసినా చెరగలేదు.

"ఆవగింజంతే గానీ, ఇది ప్లాటినమే. ఎవరిచ్చారండీ?"

పొట్లం తీసుకుని నేరుగా పటమట వెళ్లాను. ఏసుపాదం తల నెరిసింది. బల్ల మీద అప్పటి డ్రైవర్లే ఇద్దరు టీ తాగుతున్నారు. పొట్లం ఏసుపాదానికి అందించబోయాను.

"మొక్కుకున్నారటగా, పెట్టించండి. ఏసుపాదం ఇచ్చాడని స్వామి తిప్పి పంపడులెండి. గుడి కమిటీకి మాత్రం చెప్పకండి" అన్నాడు, ఇంజను లోంచి తల ఎత్తకుండానే.

నేను డ్రైవర్ల వైపు తిరిగాను. ఆ రోజు ఎంత గట్టిగా అన్నానో అంత గట్టిగానే చెప్పాను.

"ఏసుపాదం నా ప్లాటినం తియ్యలేదయ్యా. అతనిదే పన్నెండేళ్లుగా నా ఇంట్లో ఉంది."