చప్పుడు లేని కారు

సాయంత్రం పనుల మధ్య నాకు కూర్చునే వేళ ఒకటుండేది. గిన్నెలు తోమి, ఆరిన బట్టలు మడతపెట్టాక, మావారు షాపు కట్టేసి వచ్చేలోపు కిటికీ పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. చదవడం, కుట్టడం ఏమీ లేదు, ఊరికే కూర్చోవడం. వీధి మలుపులో ఆయన పాత కారు దగ్గుతూ వినబడగానే లేచి, చేతికేదో ఒక పని తగిలించుకునేదాన్ని. మగాడు గుమ్మంలోకి వచ్చేసరికి ఆడది కూర్చుని కనబడకూడదని, కొత్తకోడలిగా ఉన్నప్పుడు అత్తగారు చెప్పారు. ఆవిడ పోయి పాతికేళ్లయినా నా మోకాళ్లు ఆ మాట మరిచిపోలేదు.

కిందటేడు ఎదురింటి డాక్టరు కరెంటు కారు కొన్నాడు. నెల తిరక్కుండా మావారూ కొన్నారు. దానికి షెడ్డు వేయడానికి పెరట్లోని నిమ్మచెట్టు కొట్టించారు. రోజూ దాన్ని తుడిచేదీ, ఛార్జింగు పెట్టేదీ నేనే. అది పిల్లిలా వస్తుంది. మొదటి వారంలోనే రెండుసార్లు దొరికిపోయాను. "మహారాణిలా కూర్చున్నావే, పనులన్నీ అయిపోయాయా?" అని నవ్వారు. ఆపైన నేను కుర్చీ జోలికి పోలేదు. రోజు మొత్తంలో నాదంటూ ఉన్న ఆ కాస్త వేళా పోయిందని చెప్పుకోవడానికి నాకెవరూ లేరు. చెప్పినా, అదొక నష్టమని ఏ న్యాయస్థానం ఒప్పుకుంటుంది?

నిన్న ఆదివారం, కారు కంపెనీ తరఫున ఒక అమ్మాయి సర్వేకి వచ్చింది. కొన్నవాళ్లు ఈ రకం కారునే ఎందుకు ఎంచుకున్నారో తెలుసుకుంటోందట. మావారు గాలి కాలుష్యం గురించీ, రాబోయే తరాల గురించీ చాలాసేపు చెప్పారు. డాక్టరు ప్రస్తావన రాలేదు. నిమ్మచెట్టు ప్రస్తావనా రాలేదు. మంచినీళ్లు తెచ్చి నిలబడిన నన్ను చూసి, ఈ కారు వచ్చాక మీకేం తేడా కనిపించిందని ఆమె అడిగింది.

"ఆవిడకేం తెలుసమ్మా, ఎక్కి కూర్చోవడం తప్ప," అన్నారు మావారు.

"దీనికి చప్పుడుండదు," అన్నాను. "పాతదైతే మలుపులోనే వినబడేది. ఆయన లోపలికొచ్చేలోపు లేచి నిలబడేదాన్ని."

రాసుకుంటున్న ఆమె తలెత్తింది. వెటకారం లేదు, నిజంగానే తెలియక అడిగింది.

"ఎందుకు లేవాలమ్మా?"

నలభయ్యేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. మావారు గొంతు సవరించుకుని, అమ్మాయికి టీ తెమ్మని నాతో అన్నారు. టీపొడి డబ్బా పొయ్యి పక్కనే ఉందని ఆయనకు చెప్పి, ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఎందుకో నాకూ తెలియదు తల్లీ. ఇకమీదట లేవను. అది రాసుకో."