అత్తగారి ఇష్టం

ఆ జూలో ముసలి ఆడ ఎలుగుబంటిని సిబ్బందంతా అత్తగారు అనేవాళ్ళు. ఏం పెట్టినా ముందు వాసన చూసి, గుర్రుమని, మూలకు నెట్టేసి, ఎవరూ చూడనప్పుడు తినడం దాని అలవాటు. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని చూసుకుంటున్న ఆవిడని అందరూ కీపరమ్మ అనేవారు. కీపరమ్మ కాపురానికి వచ్చేసరికే ఆమె అత్తగారు కాలం చేశారు. "దీంతో నాకా లోటు లేకుండా పోయింది" అని నవ్వేది.

ఒక సెలవురోజు ఆమె వదిన మొదటిసారి జూకి వచ్చింది. వదిన ఆడవాళ్ళ జైల్లో వార్డరు. మాట కటువు, మనసు వెన్న. వచ్చి కంచె దగ్గర నిలబడేసరికి అత్తగారు నడుస్తోంది. గోడ నుంచి నీళ్ళతొట్టి దాకా, తొట్టి దగ్గర తల ఒక్కసారి అటు తిప్పి, మళ్ళీ గోడ దాకా. అడుగు మీద అడుగు పడి అక్కడ గచ్చులాంటి దారి ఏర్పడింది. జనం మాత్రం "డాన్సు చేస్తోందిరోయ్!" అని చప్పట్లు కొడుతున్నారు.

వదిన చప్పట్లు కొట్టలేదు.

"మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఇలాగే తిరుగుతారే. కొన్నాళ్ళకి మానేస్తారు. వాళ్ళకి బయటికెళ్ళే తేదీ ఒకటుంటుంది కదా. దీనికేదీ?"

"ఇది పుట్టిందే ఇక్కడ వదినా. పళ్ళు అరిగిపోయాయి. అడవిలో వదిలితే మూడు రోజులు బతకదు."

"వదలమన్నానా? మా వాళ్ళు దుప్పటి ముసుగుతన్ని అటు తిరిగి పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. దీనికి ఆ పాటి చాటైనా ఉందా అంటున్నా."

లేదు. పొద్దున్న తొమ్మిదికి పడకగది ఇనుప తలుపు దించేస్తే మళ్ళీ సాయంత్రం అయిదుకే ఎత్తడం. అప్పటిదాకా అత్తగారు ఆవరణలోనే, జనం కళ్ళముందే ఉండాలి. ఆ తలుపు దించేవి కీపరమ్మ చేతులే. అన్నేళ్ళలో ఒక్కరోజైనా ఆ తలుపు గురించి ఆలోచించలేదన్న సంగతి ఆ రోజంతా ఆమెని తినేసింది.

మర్నాడు తొమ్మిదైంది. ఆమె తలుపు దించలేదు.

అత్తగారు రెండు రోజులు నమ్మలేదు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, వెనక్కి పోయేది. మూడో రోజు లోపలికి వెళ్ళి, గడ్డి మీద వాలి, సాయంత్రం దాకా లేవలేదు. బయట జనం ఖాళీ ఆవరణ చూసి చిర్రుబుర్రులాడారు. ఫిర్యాదుల పెట్టె నిండిపోయింది. పెద్దాఫీసరు కబురుపెట్టాడు.

"ఏమిటమ్మా ఇది? ఎలుగుబంటి అని బోర్డు పెట్టి ఎలుగుబంటిని దాచేస్తే ఎలా?"

"నేను దాచలేదు సార్. అదే దాక్కుంది. తలుపు తీసే ఉంది."

"నన్నడక్కుండా తీశారు."

"అవున్సార్, అది తప్పే. అడిగితే వద్దంటారని అడగలేదు."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "పదిహేను రోజులు. ఆ తర్వాత మళ్ళీ మామూలే."

కీపరమ్మ నడుం బిగించింది. తిండిని తొట్టిలో పెట్టడం మానేసి చిలగడదుంపలు రోజుకోచోట మట్టిలో పాతింది. దుంగలకి కన్నాలు వేసి లోపల తేనె పూసింది. అత్తగారు ఎన్నిసార్లు గోడకీ తొట్టికీ మధ్య తిరిగితే అన్ని గీతలు గోడ మీద సుద్దతో గీసింది. మొదట్లో, బయటికొచ్చిందంటే చాలు, రోజుకి రెండొందలు దాటేవి. పన్నెండో రోజుకి నలభై. పద్నాలుగో రోజు సుద్దముక్క కొంగుముడిలోంచి బయటికి తీయాల్సిన పనే పడలేదు.

ఆఖరి రోజు ఆఫీసరు తనే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. గంట గడిచింది. వాచీ చూసుకుని లేవబోతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. తీరిగ్గా ఒళ్ళు విరుచుకుని, ఒక మూల మట్టి తవ్వి దుంప పైకి లాగి, కాళ్ళు బారచాపుకుని కూర్చుని, అందరి ముందే తినేసింది. గుర్రుమనలేదు. మూలకి నెట్టలేదు.

"ఇన్నేళ్ళున్నాను, ఇది కూర్చోవడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా," అన్నాడాయన మెల్లగా.

తలుపు అలాగే ఉండిపోయింది. కంచె మీద కొత్త బోర్డు వెలిసింది: 'బయటికి రావడం, రాకపోవడం దాని ఇష్టం. దయచేసి ఓపిక పట్టండి.'

వారం తర్వాత ఆఫీసరు ఒక ఉత్తరం ఆమె చేతికిచ్చాడు. వేరే జూవాళ్ళు ఎలుగు పిల్లనిస్తామని రాశారు.

"దీనికి వయసైపోయింది. పిల్ల వస్తే జనం విరగబడతారు. ఏమంటారు?"

కీపరమ్మకి పిల్లలంటే ప్రాణం. సీసాతో పాలు పట్టడం, వెనకాలే తిప్పుకోవడం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు మెదిలాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. దెబ్బ తగిలిందో, తల్లి పోయిందో, అడవికి పోలేనిదేదైనా ఉంటే తీసుకురండి, కళ్ళలో పెట్టుకుంటా. చూపించడానికని మాత్రం ఇంకోదాన్ని ఇక్కడికి తేవద్దు."

"దీని తర్వాత జాగా ఖాళీగా ఉండిపోతుందేమో."

"ఉండనివ్వండి సార్."

ఆయన ఆ ఉత్తరం వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టాడు. తర్వాత కలం ఆమె వైపు జరిపాడు. "మీ మాటల్లోనే జవాబు రాయండి. నేను సంతకం పెడతా."

మూడు కాగితాలు చింపేసి నాలుగోదాని మీద ఆ నాలుగు ముక్కలూ రాసింది. ఆయన ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. ఆ కాగితం కవరులో పెట్టి అంటిస్తుంటే ఆమెకి ఒళ్ళు తేలికపడ్డట్టయింది.

తర్వాతి సెలవుకి వదిన మళ్ళీ వచ్చింది. ఆవరణ ఖాళీగా ఉంది. బోర్డు చదివిన ఒకావిడ తన పిల్లల్ని "ఉష్, పడుకున్నట్టుంది" అని సముదాయిస్తోంది. ఆడపడుచూ వదినా బెంచీ మీద కూర్చుని క్యారేజీ విప్పారు. రెండు ముద్దలు తిన్నారో లేదో, లోపల్నుంచి ఇనుప రేకు మీద రాయి ఈడ్చినట్టు గురక మొదలైంది.

వదిన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, చెవి అటు పెట్టింది.

"అచ్చం మీ అన్నయ్యే!" అంది. ఇద్దరికీ పొలమారింది.