తలుపులు మూసి కొట్టిన మందు

చిన్న ఊళ్లకు రెక్కలు తొడిగిన కంపెనీ అని దాన్ని ఇప్పటికీ పొగుడుతారు. పొగిడేవాళ్లెవరూ దాని విమానాల్లో చీపురు పట్టలేదు.

దిగిన విమానంలో తలుపులు మూసి పురుగుల మందు కొడతారు. తలుపులు తెరిచి, గాలి ఆడాకే ఊడవాలి. మా మేనేజరు ఆ విరామాన్ని ఎత్తేశాడు. ఊడ్చే ఆడవాళ్లను మందు పొగలోకే తోలేవాడు. విమానం ఎంత తొందరగా లేస్తే అతనికంత పేరు.

ఒక ఉదయం నా భార్య ఊడుస్తూనే సీట్ల మధ్య కూలిపోయింది. నేను కింద పెట్టెలు ఎత్తుతున్నాను. ఆమెను దించి మెట్ల వెనక పడుకోబెట్టారు. ఎక్కేవాళ్లకు కనబడకూడదట. విమానం కదిలాకే అంబులెన్సును రానిచ్చారు. విమానం వేళకు లేచింది. ఆమె లేవలేదు.

మట్టి చేసి వచ్చాక సామాన్ల షెడ్డులో అందరం కూడాం.

"మనం పని ఆపితే కంపెనీ మునుగుద్ది. రేపేం తింటాం?" అన్నాడు ట్రాలీలు లాగేవాడు.

"ఇప్పుడేం తింటున్నాంరా? మందేగా!" అంది పొడుగక్క. ఊడ్చేవాళ్లలో ఆమే పెద్ద.

కెప్టెను గుమ్మంలోనే నిలబడ్డాడు. "నేను నడిపేవాణ్ణి. నాకెందుకీ గొడవ?"

"మేం కదలనిస్తేగా నాయనా, నువ్వు నడిపేది," అంది పొడుగక్క.

విమానం ఆగగానే చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెడతాం. పెట్టినవాడే తీయాలి, ఇంకొకడు ముట్టకూడదు. మర్నాడు పెట్టాం. తీయలేదు. వాటి పక్కనే కూర్చున్నాం.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఎవడ్రా మీ నాయకుడు?"

"ఒక్కడే ఉంటే ఈపాటికి కొనేసేవాడివి కదయ్యా!" అంది పొడుగక్క.

అతనే వంగి దిమ్మ లాగాడు. చక్రం కింద బిగుసుకుపోయి అది కదల్లేదు.

"నడుం పట్టుద్ది దొరా!" అన్నారెవరో. అందరూ నవ్వారు.

అతను నా చెవి దగ్గరికొచ్చాడు. "నీ కష్టం నాకు తెలుసు. నువ్వు లేస్తే అందరూ లేస్తారు. ఆఫీసులో కూర్చునే పనిస్తా."

"కూర్చునే ఉన్నాగా," అన్నాను.

పోలీసులొచ్చారు. ఒకరిని ఈడిస్తే ఆ చోట ఇంకొకరు కూర్చున్నారు. కెప్టెను విమానం అద్దంలోంచి చూస్తూ ఉండిపోయాడు. అతన్ని నేను క్షమించలేదు.

తర్వాత ఆ కంపెనీ మూతపడింది. మేమే ముంచామంటారు. ముంచాం. మనుషుల్ని చంపి ఎగిరేది మునగాల్సిందే.

ఆ రోజు మమ్మల్ని వ్యానులోకి తోస్తుండగా పక్కన ఇంకో కంపెనీ విమానం దిగింది. లోపల మందు కొట్టారు. దాన్ని ఊడ్చే ఆడవాళ్లు మెట్ల దగ్గరికొచ్చి ఆగిపోయారు. సూపర్‌వైజరు బూతులు తిడుతున్నాడు.

"ముందు గాలి ఆడనీ! అప్పుడెక్కుతాం!"

ఆ గొంతు ఎవరిదో మాలో ఒక్కరికీ తెలియదు.