అందరూ కలిసి ఇచ్చిన ఇంటర్వ్యూ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: సెలవు పెట్టిన నాన్న, కుట్టుమిషన్ ఆపేసిన అమ్మ, మధ్యాహ్నం కునుకు మానుకున్న నాన్నమ్మ, పిలవకుండానే పొద్దున్నే దిగిపోయిన అత్త. వీళ్ళందరి మధ్యా చిన్నది. పదిహేడేళ్ళొచ్చినా ఆ ఇంట్లో ఆమె పేరు అదే.

పెద్ద విశ్వవిద్యాలయంలో చిన్నదానికి సీటు వచ్చింది. ఎంతోమంది దరఖాస్తు చేసుకుంటే గుప్పెడు మందికి దక్కే సీటు. కానీ నాన్న బస్సు నడిపి, అమ్మ బట్టలు కుట్టి కట్టగలిగే ఫీజు కాదది. సీటొచ్చినవాళ్ళలో కొందరిని ప్రతిభా స్కాలర్లుగా ఎంచుకుని, చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ విశ్వవిద్యాలయం వాళ్ళే చూసుకుంటారట. దానికే ఈ వీడియో ఇంటర్వ్యూ. నెగ్గితే చదువు, లేకపోతే సీటు వదులుకోవడమే.

అమ్మ బట్టలు కత్తిరించే బల్ల తుడిచి, అరువు తెచ్చిన టాబ్లెట్‌ను ఇస్త్రీపెట్టెకు ఆనించి పెట్టింది.

"మేం ఓ పక్కన కూర్చుంటాంలే. ఊపిరి కూడా పీల్చం," అంది అత్త.

అత్త పని ఆస్పత్రి రిసెప్షన్‌లో. ఎవరేం అడిగినా జవాబివ్వడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా డ్యూటీ దిగదు. ఆ మాటకొస్తే చిన్నదాన్ని అడిగినవాటికి ఆ ఇంట్లో అందరూ జవాబు చెప్పేవాళ్ళే. ఆకలేస్తోందా అంటే నాన్నమ్మ, ఏం చదువుతున్నావంటే నాన్న. నోరు తెరిచేలోపే పని అయిపోతుంటే చిన్నది మాత్రం ఎందుకు తెరుస్తుంది?

తెర మీద కళ్ళజోడు ప్రొఫెసరమ్మ కనిపించింది. "నీ గురించి చెప్పమ్మా."

"చాలా బుద్ధిమంతురాలండీ," అంది వెనకనుంచి నాన్నమ్మ.

"ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఎవరూ లేరండీ," అన్నాడు నాన్న.

అమ్మ తల పట్టుకుంది. చిన్నది చెవులదాకా ఎర్రబడి, బట్టీపట్టిన నాలుగు ముక్కలూ గొణిగింది. వినిపించడం లేదంది ప్రొఫెసరమ్మ. వెంటనే అత్త అందుకుని అదంతా గట్టిగా అప్పజెప్పింది, మధ్యలో చిన్నదానికి ఎన్నడూ రాని బహుమతి ఒకటి కలిపి.

ప్రొఫెసరమ్మ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. "సరే. ఇంట్లోవాళ్ళతో నువ్వు ఏ విషయంలో ఒప్పుకోవు?"

"అలాంటిదేం లేదండీ. మా ఇంట్లో అందరిదీ ఒకే మాట," అంది అత్త.

"ఎక్కడిదే ఒకే మాట? దీన్ని హాస్టల్లో వేయొద్దని నేను మొత్తుకుంటే విన్నారా?" అంది నాన్నమ్మ.

"అమ్మా, ఇప్పుడా అది!" అన్నాడు నాన్న.

"నువ్వాగరా. బస్సు తప్ప నీకేం తెలుసు?"

ప్రొఫెసరమ్మ చిన్నదానివైపే చూస్తూ ఆగింది. జవాబు చిన్నదాని దగ్గర ఉంది, ఎప్పటినుంచో గొంతులోనే కూర్చుని. చెబితే వీళ్ళ ఎదుటే చెప్పాలి. చెప్పకపోతే చదువు ఇక్కడితో సరి.

"ఇందులోనేనండీ." ఈసారి గొంతు వినిపించింది. "నన్ను అడిగినవాటికి వీళ్ళు జవాబు చెప్పడం నాకు ఇష్టం లేదు."

అత్త దానికీ జవాబు చెప్పబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్క నిమిషం మేడమ్." చిన్నది వెనక్కి తిరిగింది. "నాన్నా, మీరంతా బయటికెళ్ళండి. నాన్నమ్మా, నువ్వు కూడా. అత్తా, ప్లీజ్."

నాన్న లేచాడు. అమ్మ నవ్వు దాచుకుంటూ అత్త భుజం మీద చెయ్యేసి నడిపించింది.

"బాగా ముదిరిందే ఇది," అంది అత్త.

"మీ పోలికే వదినా," అంది అమ్మ.

నాన్నమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "హాస్టల్లో నీకు అన్నం ఎవరు పెడతారే?"

"నేనే పెట్టుకుంటాను నాన్నమ్మా."

నాన్నమ్మ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. వెనకనుంచి మళ్ళీ తల దూర్చబోయిన అత్తను మోచేత్తో నెట్టి, తలుపు మూసింది.