జేబుల్లో చేతులు

మా నాన్న డ్రైవింగ్ నేర్పుతాడు. ఆయన కారులో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అమ్మకి నేర్పేటప్పుడు ఆయన కాలు దాని మీంచి లేవదు. అందుకే ఏళ్ల తరబడి నేర్చుకుంటున్నా అమ్మ ఒక్కసారీ మా వీధి మలుపు దాటలేదు.

జనాన్ని కొండలకీ అడవులకీ తీసుకెళ్లి, వాళ్ల చేతే చేయించి నేర్పడం నేను యూనివర్సిటీలో చదువుతున్నాను. "పిక్నిక్కులకి కూడా డిగ్రీ ఇస్తున్నారా?" అని నాన్న ఎగతాళి. ఒళ్లు మండి, ప్రాక్టికల్ పరీక్షకి అమ్మానాన్నలనే లాక్కెళ్లాను. వాళ్ల చేత టెంటు వేయించాలి. నేను చెయ్యి వేస్తే ఫెయిల్. అందుకే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను. మా మేడం దూరంగా బండ మీద కూర్చున్నారు.

నాన్న ఎవరినీ అడక్కుండా పొట్టి కడ్డీలు మధ్యలో దూర్చాడు. టెంటు ఆయన నెత్తి మీదే కూలింది.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేంటే? చెప్పొచ్చుగా!" అని గుడ్డలోంచి అరిచాడు.

నవ్వు ఆపుకుంటూ, "ఎందుకు పడిందంటావ్ నాన్నా?" అని మాత్రం అడిగాను.

అమ్మ కడ్డీలు పక్కపక్కన పెట్టి చూసింది. "పొడుగువి మధ్యలోకండీ!" అంది. ఈసారి టెంటు నిటారుగా నిలబడింది. నాన్న ఈల వేశాడు. మేడం పాస్ అన్నారు.

తిరుగు ప్రయాణంలో అమ్మ నాన్న కారు తాళాలు లాక్కుని స్టీరింగ్ ముందు కూర్చుంది.

"చేతులు జేబుల్లో పెట్టుకోండి. కాళ్లు పైకి తీసి బాసింపట్టు వేసుకోండి."

నాన్న నోరెళ్లబెట్టాడు, కానీ వేసుకున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మా వీధి మలుపు మొదటిసారి దాటింది, అదీ అవతలి వైపు నుంచి.