కొక్కెం నెంబరు నాలుగు వందల పదిహేడు

చరిత్రకారుల చేతుల్లో తుమ్ముకు జరిగినంత అన్యాయం మరి దేనికీ జరగలేదు. యుద్ధాలకు, కరువులకు, మహమ్మారులకు ఉద్గ్రంథాలు ఉన్నాయి. అర క్షణంలో మనిషి కళ్లు మూయించి, చేతిలోని పనిని నోటిలోని మాట నుంచి విడదీసే ఈ మహత్తర ప్రక్రియకు మాత్రం ఒక పేజీ అయినా కేటాయించిన పుణ్యాత్ముడు లేడు. ఆ లోటంతా పూడ్చడం ఈ కథ తాహతుకు మించిన పని. ఒక మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఒక కోళ్ల ఫ్యాక్టరీలో వెలువడిన ఒకే ఒక్క తుమ్ముకు న్యాయం చేయగలిగితే అదే పదివేలు.

ఆ తుమ్ము అక్కడ హలాల్ పద్ధతిలో కోళ్లు కోసేవారిలో అందరికంటే పాతవాడైన ఒక పెద్దాయనది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఒకే వేగంతో చెయ్యి ఆడించడం వల్ల తోటివాళ్లు ఆయనకు గడియారం అని పేరు పెట్టారు. కోడి కొక్కేనికి తలకిందులుగా వేలాడుతూ ఎదుటికి వస్తుంది, ఆయన ‘బిస్మిల్లా’ అని దేవుడి పేరు తలచి ఒక్క కోత కోస్తారు, తరవాతిది వస్తుంది. ఇంతకాలం ఆ మాట ఆయనకూ, కోడికీ, దేవుడికీ మధ్య ఉండేది. ముగ్గురిలో ఏ ఒక్కరూ రసీదు అడగలేదు.

ఆరు నెలల కిందట ‘జాడ’ వచ్చింది. ఫారంలో కోడిపిల్ల కళ్లు తెరిచింది మొదలు దుకాణంలో పొట్లమయ్యేదాకా జరిగే సమస్తాన్నీ కంప్యూటరులోకి ఎక్కించే వ్యవస్థ అది. పొట్లం మీది నలుపు తెలుపు చదరానికి ఫోను చూపిస్తే చాలు, ఏ ఫారం, ఏ లారీ, కోసింది ఎవరు, కోయడానికి వారికిచ్చిన అర్హత కార్డు ఏది, అన్నీ తెర మీదికి వస్తాయి. కోత జరిగేచోట సాసర్లంత బటన్లు రెండు బిగించారు, మోచేత్తో నొక్కడానికి. పైన ప్రశ్న: ‘దేవుడి పేరు చెప్పారా?’ ఆకుపచ్చది అవును, ఎర్రది లేదు. మనిషి మనసులో ఈ రెండూ కాక ఇంకేమీ ఉండదని జాడ నిర్మాతలు ముందే తేల్చుకున్నట్టున్నారు.

ఆ మంగళవారం నాలుగు వందల పదిహేడో కొక్కెం దగ్గర ఒక నూగు ఈక గాలిలో తేలుతూ వచ్చి ముక్కులో దూరింది. పెద్దాయన తుమ్మారు. కళ్లు తెరిచేసరికి కోత అయిపోయింది. తుమ్మినప్పుడల్లా దేవుణ్ణి స్తుతించడం చిన్ననాటి అలవాటు కనుక ‘అల్‌హందులిల్లా’ అన్న మాట దానంతటదే వచ్చింది. దానికి ముందు బిస్మిల్లా వచ్చిందా? ఎంత వెతికినా గుర్తుకు రాలేదు. మోచెయ్యి గాలిలో నిలిచిపోయింది. గడియారం ఆగడం అదే మొదలు. చివరికి అది ఎర్ర బటన్ మీద వాలింది.

బ్యాచ్ ముగిసేదాకా జాడ పెదవి విప్పలేదు. ముగిశాక మాత్రం ఆరు వందల కోళ్లనూ ఆపేసి, ఆయన కార్డును స్తంభింపజేసి, విచారణకు ముగ్గురు సభ్యులను కోరింది. ఆ ఒక్కదాన్నీ తీసి పారేద్దామంటే కుదరదు. నెంబరు ఉండేది కొక్కేనికి, కోడికి కాదు. ఈకలు తీసి చల్లనీళ్ల తొట్టిలో పడేశాక ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. “ఏం పెద్దాయనా, మోచెయ్యి జారిందా? జారిందని ఒక్క మాట అను, నేను రాసి పంపేస్తా.”

“జారలేదు. చూసే నొక్కాను.”

“ఎందుకు నొక్కావయ్యా బాబూ!”

“చెప్పానో లేదో గుర్తు లేదు. గుర్తు లేనిదాన్ని అవునని ఎలా అనను?”

“మరి లేదని ఎలా అన్నావ్?”

ఇంత పదునైన తర్కం ఆ సూపర్‌వైజరు నోటి నుంచి అంతకుముందు వెలువడిన దాఖలా లేదు. పెద్దాయన కత్తి కడగడం మొదలుపెట్టారు.

పక్క హాలులో పొట్లాలకు లేబుళ్లు అంటించే కూతురు మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది.

“దేవుడు అడిగినప్పుడు చెప్పుకుందువుగాని, మెషీనుకెందుకు నాన్నా ఈ సోదంతా?”

“మెషీను కోసం కాదే. కొనుక్కెళ్లేవాళ్లు నమ్మేది దాన్నే కదా.”

“రేపు కార్డు పీకేస్తే? ఇంట్లో కూర్చుని నన్ను తినేస్తావు, కూర మాడింది, తలుపు కిర్రుమంది అని.”

ఆయన నవ్వలేదు. “కార్డు పోతే పోనీ. వీడు కావాలనే దేవుడి పేరు మానేశాడని ఊళ్లో ప్రతి ఫోనులోనూ కనపడుతుందే, దానికే నా భయం.”

ఆమె ముద్ద కలిపి ఆయన చేతిలో పెట్టింది.

గురువారం విచారణ సభ కొలువుదీరింది. సభ్యులు ముగ్గురు: మేనేజరు, జాడను తయారుచేసిన ఇంజనీరమ్మాయి, ధర్మం చెప్పే ముఫ్తీగారు. ఇంజనీరు ల్యాప్‌టాప్ తెరిచింది. ముఫ్తీగారు కళ్లు మూసుకున్నారు.

“తుమ్మాక ఏమన్నారు?” అని పెద్దాయనను అడిగారు ముఫ్తీగారు.

“అల్‌హందులిల్లా అన్నానండి.”

మేనేజరు లేచి నిలబడ్డంత పని చేశాడు. “అదీ దేవుడి పేరే కదండీ! ఇంకేం, సంతకాలు పెట్టేద్దాం.”

ముఫ్తీగారు వేలు ఎత్తారు. “ఆగండి. ఆ మాట కోడి మీద అన్నారా, తుమ్ము మీద అన్నారా?”

ఆరు వందల కోళ్ల భవితవ్యం ఒక్క విభక్తి ప్రత్యయంలా గాలిలో వేలాడింది. కోడి మీదే అను, కోడి మీదే అను అని మేనేజరు కళ్లతోనే కాళ్లావేళ్లా పడ్డాడు.

“తుమ్ము మీదేనండి.”

మేనేజరు తల పట్టుకున్నాడు.

“అయితే అది లెక్కలోకి రాదు” అని ముఫ్తీగారు ఇంజనీరు వైపు తిరిగారు. “ఇది నేను పుట్టించిన చిక్కు కాదమ్మా. కోస్తూ తుమ్మినవాడి సంగతి వందల ఏళ్ల కిందటే పుస్తకాల్లో రాసిపెట్టారు.”

“తుమ్ము గురించా అండీ?”

“తుమ్ము గురించే.”

“మా డిజైనులో లేదండీ” అంది ఇంజనీరు, చిన్నబోయి.

ముఫ్తీగారు మళ్లీ పెద్దాయనను చూశారు. “బిస్మిల్లా మానేద్దామని అనుకున్నారా?”

“ఎంత మాటండీ! ఇన్నేళ్లలో...” పెద్దాయన తల అడ్డంగా ఊపారు. “గుర్తు లేదండి. అంతే.”

“అనుకోలేదు కదా. అయితే అది మరుపు. కావాలని మానేస్తే ఆ మాంసం ముట్టకూడదు. మరిచిపోతే ఇబ్బంది లేదు. మరుపును దేవుడు మన్నిస్తాడు. అమ్మాయీ, మీ జాడ కూడా మన్నించాలంటే ఏం చెయ్యాలి?”

“వెర్షన్ మార్చాలండీ. పదిహేను రోజులు పడుతుంది.”

“పైనున్న ఆయనకు అంత పట్టదు” అన్నారు ముఫ్తీగారు, చెప్పులు వేసుకుంటూ.

పదహారో రోజున మూడో బటన్ అవతరించింది. పసుపుపచ్చది, ‘గుర్తు లేదు’ అని దాని నామధేయం. మేనేజరు ప్రసంగించాడు, ఫొటోలు తీశారు, కార్డు తిరిగి పెద్దాయన మెడలో పడింది. మంచు గదిలో ఎదురుచూస్తున్న ఆరు వందల పొట్లాలూ బజారుకు బయలుదేరాయి. ‘417: గుర్తు లేదు; మరుపుగా ఎంచి ఆమోదించారు’ అన్న వాక్యం వాటి చదరాల్లో శాశ్వతంగా చేరింది.

“అందరికీ కనపడుతుందా?” అని పెద్దాయన కూతుర్ని అడిగారు.

“కనపడుతుంది నాన్నా. చెరపడానికి లేదు.”

“కనపడనీ. ఉన్నదే కదా.”

అన్నారే గానీ వారం రోజులు బజారు వైపు వెళ్లలేదు. ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి అద్దం ముందు ఒక సమాధానం తయారుచేసుకున్నారు. అందులో ఈక, తుమ్ము, వందల ఏళ్ల నాటి పుస్తకాలు వరసగా వచ్చేవి. రెండో వారం ధైర్యం చేసి సంచీ పట్టుకుని బయలుదేరారు. కూరగాయలమ్మే ఆమె పలకరించింది. మంగలి నవ్వాడు. మాంసం కొట్టువాడు కుశలం అడిగాడు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఆ ఊసే ఎత్తలేదు. తెలిసీ నొప్పించకుండా ఊరుకున్న ఆ జనం పెద్దమనసుకు ఆయన కళ్లు చెమర్చాయి. ఇంటికి వచ్చి, ఇలాంటి ఊళ్లో బతకడమే అదృష్టమని కూతురితో అన్నారు. ఆమె అవునంది.

నెలాఖరు సమావేశంలో ఇంజనీరు లెక్క చదివింది. ఆ బ్యాచ్ ఆరు వందల పొట్లాల్లో, చదరానికి ఫోను చూపించి చదివిన పొట్లం ఒకే ఒక్కటి. ఆ ఫోను ఆయన కూతురిది.